కిటికీ దాకా నడిచిన రెండు వారాలు

ఈ ఉద్యోగంలోకి రాకముందు నేను పద్నాలుగేళ్ళు విత్తనాలు అమ్మాను. మేడ్చల్ నుంచి బస్తాలతో బయలుదేరి, ఊరూరా తిరిగి, మా కంపెనీ మక్క కంకి, అంటే మొక్కజొన్న పొత్తు, ఇంత పొడుగని మోచేతి దాకా చెయ్యి చూపించేవాణ్ని. ఒక ఊళ్ళో ఒక రైతు నా చేతిని తేరిపార చూసి, "గంత కంకి అయితే కోతులు మోస్కపోలేవు, ఇగ నాకు కాపలా పని తప్పినట్టే" అన్నాడు. మరుసటి ఊళ్ళో ఆ మాటను నా సొంత మాటగా చెప్పి రెండు బస్తాలు ఎక్కువ అమ్మాను.

తూంకుంట దాటాక ఉన్న ఒక స్పెషల్ స్కూలు వాళ్ళు, ఆటిజం ఉన్న తమ విద్యార్థులకు కంపెనీల్లో పని చూపించే మనిషి కావాలని అడిగినప్పుడు, నన్ను తీసుకున్నది చదువు చూసి కాదు, నోరు చూసి. పదకొండేళ్ళు చేశాను. కాగితాల మీద నా హోదా జాబ్ కోచ్. అంటే పని వెతకాలి, పిల్లల పక్కన ఉండి ఆ పని నేర్పాలి, ఆ తర్వాత మెల్లగా పక్కకు తప్పుకోవాలి. మొదటి రెండూ నాకు వచ్చు. మూడోది రాదని ఒక విత్తన పరీక్ష ల్యాబులో తెలిసింది.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు శిక్షణలో చాలా చెప్పే ఉంటారు. నా తప్పు మాత్రం వాళ్ళు చెప్పి ఉండరు. వాళ్ళకు తెలియదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఇందులో ఒకటి రెండు చోట్ల నేను పెంచి చెప్పానని మీకు అనిపిస్తే, అది పాత అలవాటు, క్షమించండి. ఆ అమ్మాయి అన్న మాటలు మాత్రం ఒక్కటి కూడా పెంచలేదు.

అమ్మాయికి అప్పుడు ఇరవై ఒకటి. వాళ్ళది అత్వెల్లి. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. అమ్మాయి హుక్కులూ గుండీలూ రకాల వారీగా డబ్బాల్లో సర్దేది. ఎవరైనా ఒక్క హుక్కు వేరే డబ్బాలో వేస్తే, గంట తర్వాత వచ్చినా దాన్ని వెతికి తీసేది. తక్కువ మాట్లాడేది. లారీ హారన్ వినిపిస్తే రెండు చెవులూ మూసుకునేది. ఎవరూ తాకకూడదు. ఎవరైనా మాట ఇచ్చి తప్పితే సాయంత్రం దాకా అదే అడిగేది.

మా బడిలో ఇరవై ఒకటి నిండిన వాళ్ళను ఏప్రిల్ ఆఖరున పంపించేయాలి. పంపించేయడం అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు పని దొరకకుండా బడి వదిలిన ఒక విద్యార్థి, రోజూ పొద్దున ఎనిమిదింటికి స్నానం చేసి, సంచి తగిలించుకుని, ఇంటి ముందు వ్యాను కోసం నిలబడేవాడు. వ్యాను రాదని తల్లి రోజూ చెప్పేది. రోజూ నిలబడేవాడు. చివరికి వాళ్ళు వ్యాను తిరగని వేరే కాలనీకి ఇల్లు మార్చారు.

ఇది అమ్మాయి తల్లికి కూడా తెలుసు. మార్చి మొదట్లో బడికి వచ్చి, కుట్టు మిషను నూనె మరకలున్న కొంగును వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"సారూ, దీనికి ఏదన్న పని జూడుండ్రి. నేను ఉన్నన్ని రోజులు నేను జూస్కుంట. పైసల కోసం అడుగుత లేను. పొద్దున లేస్తే పొయ్యేటందుకు ఒక జాగ ఉండాలె గదా."

"అమ్మా, వచ్చే నెలకల్లా నీ బిడ్డను ఆఫీసరమ్మను జేస్త" అన్నాను.

"ఆఫీసరమ్మ అక్కర్లేదు గని, నిజంగ జూడుండ్రి" అన్నది ఆమె. నా సంగతి ఊరందరికీ తెలుసు.

నాకు తెలిసిన తలుపులన్నీ విత్తనాల వాళ్ళవే. పాత పరిచయంతో మేడ్చల్‌లో ఒక విత్తన పరీక్ష ల్యాబుకు వెళ్ళాను. ఇన్‌చార్జ్ నా వయసు వాడే. కరీంనగర్ వైపు మనిషి. నవ్వడు. నేను కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాను. మా దగ్గర ఒక అమ్మాయి ఉందని, మక్కలు గుప్పెడు నేల మీద పోస్తే చప్పుడు విని ఎన్నో చెబుతుందని.

అతను కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సారూ, మీరు ఇత్తనాలు అమ్మేటప్పటి సంది మిమ్ముల ఎరుగుదు. మీ కంకి పొడుగు నాకు తెల్సు. సప్పుడు ముచ్చట ఇడిశిపెట్టి, పిల్లను పట్కరాండ్రి. సూస్తం."

పని ఇదీ. ప్రతి విత్తన లాట్ నుంచి, అంటే ఒక విడతగా వచ్చిన బస్తాల నుంచి, నాలుగు వందల గింజలు తీసి మొలక వస్తుందో లేదో పరీక్షించాలి. తడిపిన మందపాటి కాగితం మీద వరుసకు పది చొప్పున అయిదు వరుసలు గింజలు పేర్చాలి. పైన ఇంకో తడి కాగితం కప్పి, చాపలా చుట్టి, రబ్బరు బ్యాండు వేయాలి. దాన్ని రోల్ అంటారు. అలాంటివి ఎనిమిది చేసి ట్రేలో నిలబెడితే ఒక లాట్ అయినట్టు. ఆ ట్రే మొలకల గదిలోకి వెళుతుంది. గింజ గింజకూ మధ్య ఎడం సమానంగా లేకపోతే వేళ్ళు చిక్కుపడి లెక్క చెడుతుంది. ఈ పనికి వచ్చిన వాళ్ళు నెల తిరక్కుండా విసుగుపుట్టి పారిపోతున్నారని ఇన్‌చార్జ్ గోల.

అమ్మాయి మొదటిరోజు మొదటి వరుస పేర్చినప్పుడే అతని మొహం మారింది. పది గింజలు. దారం పట్టి గీసినట్టు. ప్రతి గింజ మొన కిందికే.

ఒప్పందం కుదిరింది. రెండు వారాలు నేను పక్కన ఉండి నేర్పాలి. ఆ తర్వాత మూడు రోజులు అమ్మాయి ఒక్కతే చెయ్యాలి. చేస్తే ఉద్యోగం.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. నాకు కూర్చోవడం రాదు. పెళ్ళిచూపుల్లో కూడా మూడుసార్లు లేచానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ల్యాబులో అమ్మాయి బల్ల నుంచి కిటికీ దాకా పన్నెండు అడుగులు. కిటికీలోంచి హైవే కనిపిస్తుంది. నేను నోరు మూసుకుని ఉండాలని, చెయ్యి పెట్టకూడదని మా శిక్షణలో గట్టిగా చెప్పారు. నోరు మూశాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఇక మిగిలింది కాళ్ళు. అమ్మాయి రోల్ మొదలుపెట్టగానే కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ని. లారీలు చూసేవాణ్ని. రబ్బరు బ్యాండు టప్పున పడిన చప్పుడు వినగానే వెనక్కి వచ్చి, రోల్ చూసి, మళ్ళీ కిటికీకి. రోజుకు ముప్పై నలభై సార్లు.

ఆ ల్యాబులో చాలా ఏళ్ళుగా చేస్తున్న ఒక అక్క ఉండేది. నోరు నాకన్నా ఒక ఆకు ఎక్కువ.

"ఏంది సారూ, కాళ్ళకు సక్రాలు గిట్ల ఉన్నయా? మీరొచ్చినంక గచ్చు సగం అరిగింది. గిట్లనే తిరిగితే కింద బోరు పడ్తది, మాకు నీళ్ళ పరేషాన్ పోతది."

"పడితే మొదటి బిందె నీకే అక్కా."

"నాకొద్దు. జెర కూసోండ్రి, మిమ్ముల జూస్తుంటే నాకు కండ్లు తిరుగుతున్నయి."

నేను కూర్చోలేదు. అమ్మాయి బ్రహ్మాండంగా చేస్తోంది. మూడోరోజు నుంచే నా రిపోర్టులో ఒకే వాక్యం రాశాను: 'ఎలాంటి సహాయం లేకుండా చేసింది.' రెండు వారాలు అదే. నేను ఒక్క మాట చెప్పలేదు, వేలితో చూపించలేదు. నా జీవితంలో కాగితం మీద పెట్టిన వాక్యాల్లో ఇంత శుద్ధమైన నిజం ఇంకోటి లేదని సంతకం చేసేటప్పుడు గర్వపడ్డాను.

ఒంటరిగా చెయ్యాల్సిన మొదటిరోజు నేను బడిలో ఉన్నాను. ఉన్నాననడమే గాని, గేటు దగ్గరికి, ఆఫీసు గదికి, మళ్ళీ గేటు దగ్గరికి. వాచ్‌మన్ రెండుసార్లు బండి తాళాలు పోయాయా అని అడిగాడు. పదకొండున్నరకు ఫోన్ మోగింది. ఇన్‌చార్జ్.

"సారూ, మీ పిల్ల ఒక్క రోల్ జేసి కూసున్నది. రెండు గంటలాయె. లేవది, జేయది. ఏమన్న అడిగితే నా మొఖం దిక్కు సూడది. జెర జల్దీ రాండ్రి."

శామీర్‌పేట మీదుగా మేడ్చల్‌కు నా బండి ఏ వేగంతో వెళ్ళిందో చెబితే మీరు నమ్మరు. చెప్పను. నేను వెళ్ళేసరికి అమ్మాయి బల్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఒక్క రోల్. అందంగా చుట్టి ఉంది. ఏడవడం లేదు, కోపం లేదు. బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంది.

ఆమెను ఏమీ అడగలేదు నేను. ఇది గుర్తు పెట్టుకోండి. ఆమె పక్కనుంచే వెళ్ళి, ఇన్‌చార్జ్ ముందు నిలబడి నోటికి వచ్చింది మొదలుపెట్టాను.

"ఇయ్యాల అమాస గదా సార్. వాళ్ళింట్ల అమాస నాడు గింజలు ముట్టరు. పిల్ల నోరు తెరిసి చెప్పలేక..."

ఇన్‌చార్జ్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. "అమాస పొయ్యి అయిదు దినాలాయె."

"వాళ్ళది వేరే పంచాంగం సార్."

"సారూ." అతను గొంతు తగ్గించాడు. "నేను పిల్లను తప్పు పట్టలే. పిల్ల పని సక్కగున్నది. గని మీరు లేకుంటే జేయది. మీరు పక్కన నిలబడి జేపిస్తే గది మీ పని అయితది, ఆమె పని గాదు. నేను ఇద్దరికి జీతం ఇయ్యలేను."

ఇదే నిజం.  చేతులు జోడించాను. ఇంకొక్క అవకాశం అడిగాను. సీజను ముంచుకొస్తోంది, లాట్లు పేరుకుపోతున్నాయి, అతనికీ మనిషి కావాలి. పై సోమవారం రమ్మన్నాడు. మూడు రోజులు కాదు, ఒక్కటే రోజు. అదీ నేను గేటు లోపల అడుగు పెట్టకూడదు.

అమ్మాయిని ఇంటికి దింపితే తల్లి గుమ్మంలోకి వచ్చి మా మొహాలు చూసింది.  మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. వెళ్ళి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నన్ను తిట్టినట్టే ఉంది.

మా బడిలో ఒక టీచరమ్మ ఉండేది. యాప్రాల్ నుంచి వచ్చేది. చర్చిలో పాటలు నేర్పే గొంతు, బడిలో మాత్రం పొదుపుగా వాడేది. నా రిపోర్టులు రెండు వారాలవీ ముందు వేసుకుని చదివింది.

"సార్, ఇవన్నీ నిజమేనా?"

"మేడం, నా మీద ఒట్టు. ఈసారి నిజమే."

"అదే నా భయం" అన్నది. "ల్యాబులో ఎట్ల ఉన్నదో ఇక్కడ అట్లనే పెట్టండి. నేను చూడాలి."

మరునాడు తరగతి గదిలో బల్ల వేశాము. తడి కాగితాలు, మక్కలు, రబ్బరు బ్యాండ్లు. టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. అమ్మాయి మొదలుపెట్టింది. నేను కిటికీ వైపు కదిలాను.

"ఆగండి సార్. మీరు కూర్చోండి."

"నేనా?"

"మీరే."

గదిలో ఉన్నవి చిన్నపిల్లల కుర్చీలు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒకదాంట్లో ఇరుక్కున్నాను. అమ్మాయి మొదటి రోల్ చుట్టింది. బ్యాండు వేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఒక నిమిషం. రెండు. అయిదు. నా కాళ్ళలో చీమలు పాకుతున్నాయి. టీచరమ్మ కళ్ళతోనే నన్ను కుర్చీకి మేకు కొట్టింది. పదో నిమిషానికి నా ఒంట్లో దురద పెట్టని చోటు లేదు. అమ్మాయి కదల్లేదు.

"ఇప్పుడు లేచి కిటికీ దాకా పోయి రండి" అన్నది టీచరమ్మ.

లేచాను. కిటికీ దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చాను. అమ్మాయి చెయ్యి చాచి రెండో కాగితం తీసుకుంది.

ఇంకోసారి చేయించింది. కూర్చుంటే ఆగింది. నడిచి వస్తే మొదలుపెట్టింది. మూడోసారి నేను కిటికీ దగ్గర కావాలనే ఆలస్యం చేశాను. వెనకనుంచి కాగితం చప్పుడు రాలేదు. నేను తిరిగి వచ్చాకే వచ్చింది. 

నేను టీచరమ్మతో వాదనకు దిగాను. నేనేం చెప్పలేదని, సైగ కూడా చెయ్యలేదని. ఆమె నా మాట వినిపించుకోకుండా అమ్మాయి పక్కన, కొంచెం దూరంగా, నేల మీద కూర్చుంది.

"ఎందుకు ఆగినవమ్మా?" అని అడిగింది.

"సార్ రాలే."

"సార్ ఎందుకు రావాలె?"

"సార్ కిటికీ కాడికి పోతరు. సార్ వస్తరు. అప్పుడు ఇంకోటి."

"సార్ రాకుంటే?"

అమ్మాయి టీచరమ్మ వైపు కాదు, నా బూట్ల వైపు చూసింది. "రాకుంటే ఆగాలె" అన్నది. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు అన్నది.

అయిపోయింది. ల్యాబులో రెండు గంటలు ఆమె పని మానేసి కూర్చోలేదు. పని చేస్తూనే కూర్చుంది. నేను నేర్పిన పనిలో అది కూడా ఒక భాగం. గింజలు పేర్చు, కాగితం కప్పు, చుట్టు, బ్యాండు వెయ్యి, సార్ కిటికీ నుంచి వచ్చేదాకా ఆగు. నేను రానిరోజు కూడా నియమం తప్పకుండా ఆగింది. అక్కడున్న వాళ్ళందరం ఆమె గురించి ఒకరితో ఒకరం మాట్లాడుకున్నామే గాని, పక్కన కూర్చుని ఎందుకు ఆగావని ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. అందరికన్నా ముందు తోచాల్సిన నాకు అమావాస్య తోచింది.

"సార్" అన్నది టీచరమ్మ లేస్తూ, "రెండు వారాలు మీరు పని నేర్పిండ్రు గాని, అందులో మిమ్మల్ని కూడా కలిపి నేర్పిండ్రు."



ఆ తర్వాత నేను తెలివితేటలు చూపించాను. గంట కొట్టే గడియారం పెడదామన్నాను. నా ఫోటో ఒకటి బల్ల మీద అతికిద్దామని కూడా అన్నాను. టీచరమ్మ అన్నీ విని, మళ్ళీ అమ్మాయినే అడిగింది. సార్ రారు, మరి ఇంకో రోల్ ఉందని నీకు ఎట్ల తెలుస్తది అని.

అమ్మాయి మొదటి రోల్ బ్యాండు విప్పి డబ్బాలో వేసింది. తర్వాత డబ్బాలోంచి రబ్బరు బ్యాండ్లు తీసింది. ఒక్కొక్కటే బల్ల అంచున వరుసగా పెట్టింది. ఎనిమిది. ఒకదాన్ని రోల్‌కు వేసింది. ఏడు మిగిలాయి. ఏడింటినీ సర్ది, రెండో కాగితం తీసుకుంది.

లాట్‌కు ఎనిమిది రోల్స్. రోల్‌కు ఒక బ్యాండు. బ్యాండు ఉంటే పని ఉన్నట్టు. పద్నాలుగేళ్ళు విత్తనాల్లో, ఏళ్ళ తరబడి బడిలో నలిగిన నాకు ఇది తట్టలేదు.

మిగిలిన రోజులు అమ్మాయికి సులువుగానే గడిచాయి. శిక్షణంతా నాకే. మొదటిరోజు గదిలో కదలకుండా కూర్చోవాలి. రెండోరోజు గుమ్మం దగ్గర. తర్వాత వరండాలో. ఆ తర్వాత గేటు బయట. నా కుర్చీ ఎక్కడుండాలో టీచరమ్మ సుద్దముక్కతో గీతలు గీసింది. నేను లేస్తే అమ్మాయి తల పక్కకు తిరిగేది. అది చూసి టీచరమ్మ నన్ను చూసేది. జీవితంలో అన్ని గంటలు ఎప్పుడూ కూర్చోలేదు. చీమలు నన్ను బండరాయి అనుకుని గూడు కట్టడం మొదలుపెట్టాయంటే మీరు నవ్వుతారు గాని, ఒక చీమ మాత్రం మట్టి తెచ్చింది, నా కళ్ళతో చూశాను.

సోమవారం వచ్చింది. తల్లి బిడ్డను ల్యాబులో దింపి, గేటు దగ్గర ఒక్క మాట అన్నది నాతో.

"సారూ, ఇయ్యాల ఏం జెప్పకుండ్రి. ఎవ్వలకు ఏం జెప్పకుండ్రి. దాన్ని జెయ్యనియ్యుండ్రి."

సరేనని రోడ్డు అవతల టీ బండి దగ్గర నిలబడ్డాను. పది నిమిషాలకు మూడు టీలు అయ్యాయి. కాళ్ళు ఆగవు. గేటు దగ్గర ఆ వారమే చేరిన కాపలా మనిషి దగ్గరికి వెళ్ళి, మొలకల గది ఏసీ చూడటానికి వచ్చిన మెకానిక్‌నని చెప్పాను. మాట ఇచ్చి పావుగంట కాలేదు. మీరు ఇలా చేయకండి. అతను నా చేతుల్లో పనిముట్లు లేవని కూడా చూడకుండా పంపించాడు. వరండా చివర ల్యాబు తలుపుకు అద్దం ఉంది. పక్కగా నిలబడి లోపలికి చూశాను.

అమ్మాయి బల్ల దగ్గర ఉంది. బల్ల అంచున రబ్బరు బ్యాండ్లు. ట్రేలో రెండు రోల్స్ నిలబడి ఉన్నాయి.  అంతలో ఇన్‌చార్జ్ కనిపించాడు.

చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, అమ్మాయి వెనక నుంచి కిటికీ దాకా నడుస్తున్నాడు. కిటికీ దగ్గర నిలబడి హైవే చూశాడు. వెనక్కి వస్తున్నాడు. పాపం అతనికీ ఆత్రమే. ఈ అమ్మాయి నిలబడితే బాగుండునని అతనికీ ఉంది. కాని నా రోగం మొత్తం పట్టుకున్నాడు, అడుగు కూడా తప్పకుండా.

అమ్మాయి మూడో రోల్ చుట్టింది. బ్యాండు వేసింది. ఇన్‌చార్జ్ మళ్ళీ కిటికీకి వెళ్ళాడు. అమ్మాయి చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి.

అతను అక్కడే నిలబడ్డాడు. ఏదో లారీ చూస్తున్నాడు. అమ్మాయి కదల్లేదు. నా చెయ్యి తలుపు పిడి మీద పడింది. తలుపు తోస్తే, ఒక్క మాట చెబితే, లేదా నేనే లోపలికి నాలుగడుగులు వేస్తే మళ్ళీ మొదలవుతుంది. దానితో ఉద్యోగమూ పోతుంది. తోయకపోతే? తోయకపోయినా పోయేలాగే ఉంది.  అప్పుడు నా మణికట్టు మీద ఇంకో చెయ్యి పడింది. ట్రేలు మోసుకొస్తున్న అక్క.

"ఏడికి?" అన్నది గుసగుసగా.

"అక్కా, పిల్ల ఆగింది. ఆయన తిరుగుతుండు గదా, అందుకని..."

"ఆగితే ఆగనియ్. మీరేమన్న దేవుడా? మూస్కొని నిలబడుండ్రి."

ఆమె చెయ్యి వదల్లేదు. ట్రేలు మోసిన చెయ్యి, ఉడుం పట్టు. ఇద్దరం అద్దంలోంచి చూశాము.

అమ్మాయి తల ఎత్తింది. కిటికీ దగ్గరున్న ఇన్‌చార్జ్ వైపు చూసింది. బల్ల అంచున ఉన్న బ్యాండ్ల వైపు చూసింది. మళ్ళీ అతని వైపు. ఆ రెండింటి మధ్య ఎంతసేపు చూసిందో చెప్పమంటే నేను పెంచి చెబుతాను, అందుకని వద్దు. తర్వాత ఆమె గొంతు వినిపించింది. గట్టిగానే వినిపించింది.

"సార్. తిరగొద్దు. కూసోండ్రి. ఇంక అయిదున్నయి."

ఇన్‌చార్జ్ తిరిగి చూశాడు. ఆ ల్యాబులో అతన్ని కూర్చోమన్న వాళ్ళు అప్పటిదాకా లేరు. దగ్గర్లో ఉన్న ఎత్తు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మాట విన్న బడిపిల్లాడిలా కూర్చున్నాడు. అమ్మాయి చెయ్యి చాచింది. కాగితం తీసుకుంది. మొదటి గింజ పెట్టింది, మొన కిందికి.

అక్క నా మణికట్టు వదిలి ముక్కు చీదుకుంది. "మస్తు జెప్పింది" అన్నది. "ఇర్వై ఏండ్ల సంది నేను అందామనుకుంటున్న మాట."

సాయంత్రానికి నాలుగు లాట్లు అయ్యాయి. ఇన్‌చార్జ్ ప్రతి రోల్ విప్పి చూసి మళ్ళీ చుట్టించాడు. గేటు బయట నన్ను పిలిచి, మే మొదటి తారీకు నుంచి రమ్మన్నాడు. నేను కథ అల్లడానికి నోరు తెరిచేలోపే, "మీరేం జెప్పకుండ్రి సారూ, మంచిగున్నది, గిట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. తల్లి బిడ్డ చెయ్యి పట్టుకోబోయి, గుర్తుకొచ్చి ఆగి, తన కొంగు తానే గట్టిగా పట్టుకుంది. ఆ రోజు నన్ను నోరు మూసుకోమని చెప్పినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ సరిగ్గానే చెప్పారు.

ఆ రాత్రి రిపోర్టులో మునుపటి వాక్యం కొట్టేసి నా తప్పు రాశాను. పేజీన్నర పట్టింది. టీచరమ్మ చదివి, అక్షరదోషాలు మాత్రం దిద్ది ఇచ్చింది.

మే నెల మధ్యలో ఒకరోజు మేడ్చల్ వైపు పని పడింది. అబద్ధం. పని లేదు. కాళ్ళు అటే లాక్కెళ్ళాయి. మధ్యాహ్నం భోజనం వేళ. గేటు లోపల రేకుల షెడ్డు కింద సిమెంటు బల్ల మీద అమ్మాయి టిఫిన్ డబ్బా తెరుచుకుని తింటోంది. కాపలా మనిషి నన్ను మెకానిక్ అనుకుని సలాం కొట్టాడు.

"ఎందుకొచ్చిండ్రు?" అన్నది అమ్మాయి. నా మొహం వైపు కాదు, చెప్పుల వైపు చూస్తూ.

కథ ఎత్తుకున్నాను. శామీర్‌పేట చెరువులో పెద్ద చేప పడిందని, దాన్ని ఒడ్డుకు లాగలేక రోడ్డు పనుల దగ్గర నుంచి క్రేన్ తెప్పించారని, ట్రాఫిక్ ఆగిపోయి ఇటు తిరిగి వచ్చానని. అమ్మాయి ముద్ద ముద్దకూ ఆగి, మొత్తం విన్నది.

"నిజమా?"

"కాదు."

"మీకు ఇక్కడ పని ఉందా?"

నేను షెడ్డు రేకుల వైపు చూశాను. ల్యాబు తలుపు వైపు చూశాను. "లేదమ్మా."

"నాకుంది. రెండు లాట్లున్నయి." డబ్బా మూత పెట్టింది. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. డబ్బాను సంచిలో నిలువుగా సర్దింది. "మీరు ఇంటికి పోండ్రి సార్" అని లోపలికి నడిచింది. వెనక్కి చూడలేదు. తలుపు తనంతట తానే మూసుకుంది.

అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. నా జీవితంలో కాళ్ళు కదలని సందర్భం అదొక్కటే. లోపలికి బస్తాల లారీ వచ్చి హారన్ కొట్టింది. అది వెళ్ళాక కాపలా మనిషి గేటు సగం లాగి, నా కోసం ఆగాడు.

"లోపటికి పోతరా సారూ, బయటికి పోతరా? గేటు ఎయ్యాలె."

"బయటికే" అన్నాను.